ప్రాక్స్‌మాక్స్ సర్వర్‌లో రూట్ నిండిపోతే: తుడిచే ముందు ఏం కొలవాలి

"అన్నా, ప్రాక్స్‌మాక్స్ పేజీ వస్తుంది గానీ పాస్‌వర్డ్ తీసుకుంటలేదు. నిన్న ఇదే పాస్‌వర్డ్‌తోని లోపలికి పోయిన. ట్యాలీ అయితే నడుస్తనే ఉంది. సర్వర్ ఒకసారి రీస్టార్ట్ కొట్టాల్నా?"

"వద్దు. రీస్టార్ట్ జోలికి పోకు. ఎస్‌ఎస్‌హెచ్‌లో లోపలికి పోయి డీఎఫ్ కొట్టి చదువు."

జూలై నెలాఖరు. పొద్దున్నే ఎనిమిది కూడా కాలేదు. హిమాయత్‌నగర్‌లో ఒక ఆడిటర్ గారి ఆఫీసు అది. రిటర్నులు వేసే చివరి వారం కావడంతో తొమ్మిదింటికల్లా స్టాఫ్ అంతా సీట్లలో ఉంటారు. ట్యాలీ, ఫైల్ సర్వర్, డొమైన్ కంట్రోలర్, మూడూ ఒకే పెట్టెలో మూడు వీఎంలుగా, అంటే విడివిడి కంప్యూటర్లలా పనిచేసే వర్చువల్ మెషిన్లుగా, నడుస్తున్నాయి. వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ ప్రాక్స్‌మాక్స్. అక్కడి సర్వర్ చూసే తమ్ముడు ఎస్‌ఎస్‌హెచ్‌లో, అంటే కమాండ్లు కొట్టే కిటికీలో, డీఎఫ్ (డిస్కు ఎంత నిండిందో చెప్పే కమాండ్) కొట్టి ఫోన్లో చదివిన లైను ఇదీ:

/డెవ్/మ్యాపర్/పీవీఈ-రూట్ 94జీ 94జీ 0 100% /

చివరి / గుర్తు రూట్, అంటే సర్వర్ సొంత ఫైళ్లుండే భాగం. అది నూటికి నూరు శాతం నిండింది. ఇలాంటి లైను మీ స్క్రీన్ మీద కనబడినప్పుడు ఏ వరసలో వెళ్లాలో కింద రాస్తున్నాను. కమాండ్లను మనం ఫోన్లో చెప్పుకునే తీరులోనే తెలుగులో రాశాను. కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. ఎక్కడైనా పెద్ద అక్షరం కావాలంటే అక్కడే క్యాపిటల్ అని చెబుతాను.

లక్షణాలు

రూట్ నిండిందని సర్వర్ సూటిగా చెప్పదు. వెబ్ పేజీలో లాగిన్ ఫెయిల్డ్ అని వస్తుంది. మనమేమో పాస్‌వర్డ్ మర్చిపోయామనుకుని పది సార్లు కొడతాం. అప్పటికే లోపల ఉన్నవాళ్లకు వీఎంల పక్కన బూడిద రంగు ప్రశ్నార్థకం కనబడుతుంది. ఆగి ఉన్న వీఎంను స్టార్ట్ చేస్తే నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్ అంటుంది. /ఈటీసీ/పీవీఈ లో ఏదైనా ఫైలు మార్చబోతే ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ వస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్‌లో ట్యాబ్ నొక్కినా కొన్నిసార్లు టెంప్ ఫైల్ తయారు చేయలేనని ఒక లైను పడుతుంది. ఇవన్నీ ఒకే జబ్బు లక్షణాలు.

మరి ట్యాలీ ఎలా నడుస్తోంది? ప్రాక్స్‌మాక్స్‌ను మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే డిస్కును ఎల్‌వీఎంతో (డిస్కును భాగాలుగా పంచే ఏర్పాటు) మూడు ముక్కలు చేస్తుంది: రూట్, స్వాప్, డేటా. వీఎంల డిస్కులు డేటా అనే థిన్ పూల్‌లో (వాడిన కొద్దీ జాగా ఇచ్చే ఉమ్మడి నిల్వ) ఉంటాయి. వెబ్ పేజీలో లోకల్-ఎల్‌వీఎం అని కనబడేది అదే. రూట్ నిండినా దానికి సంబంధం లేదు, కాబట్టి నడుస్తున్న వీఎం నడుస్తూనే ఉంటుంది. ఇది మనకు దొరికిన పెద్ద వెసులుబాటు. దీన్ని పాడు చేసుకోకూడదు.

వీఎం డిస్కులను క్యూకౌ2 ఫైళ్లుగా లోకల్ స్టోరేజ్‌లో, అంటే /వార్/లిబ్/వీజెడ్/ఇమేజెస్ లో పెట్టుకున్నవాళ్ల సంగతి వేరు. అది రూట్ మీదే ఉంటుంది. జాగా అయిపోగానే రాయబోయిన వీఎం అక్కడికక్కడే పాజ్ అవుతుంది, స్టేటస్‌లో ఐఓ-ఎర్రర్ అని ఉంటుంది. చూడగానే గుండె జారుతుంది గానీ, అలా ఆగడం డేటా చెడిపోకుండా చేసిన ఏర్పాటే. జాగా దొరికాక క్యూఎం రెజ్యూమ్ కొట్టి పక్కన వీఎం నంబరు ఇస్తే ఆగిన చోటి నుంచే నడుస్తుంది.

ముందు ఏం చేయకూడదు

సర్వర్‌ను రీబూట్ చేయకండి. నడుస్తున్న వీఎంలను ఆపకండి. వీఎం స్టార్ట్ కావాలంటే ముందు /వార్/లాగ్/పీవీఈ/టాస్క్స్ లో ఒక లాగ్ ఫైలు తెరవాలి. రూట్‌లో జాగా లేకపోతే ఆ ఫైలే పుట్టదు, వీఎం లేవదు. ఇప్పటిదాకా పని చేస్తున్న ట్యాలీని మన చేత్తో మనమే ఆపినట్టవుతుంది. నేను చూసిన కేసుల్లో నిండిన రూట్ కంటే, కంగారులో కొట్టిన రీబూట్ వల్లే ఎక్కువ పనిదినాలు పోయాయి.

/వార్/లిబ్/పీవీఈ-క్లస్టర్ ఫోల్డర్‌ను ముట్టుకోకండి. అందులో కాన్ఫిగ్ డాట్ డీబీ అని ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైలు ఉంటుంది. మనకు /ఈటీసీ/పీవీఈ లో కనబడే వీఎం సెట్టింగులు, స్టోరేజ్ సెట్టింగులు, యూజర్లు, అన్నీ నిజానికి ఆ ఒక్క ఫైలులోనే ఉంటాయి. సైజు చిన్నదే, అది తీసేస్తే దొరికే జాగా ఏమీ లేదు. పోతే మాత్రం సర్వర్‌కు తన వీఎంలు ఏవో తనకే తెలియదు.

/వార్/లాగ్ ఫోల్డర్‌ను మొత్తంగా ఎత్తేయడం ఇంకో పొరపాటు. లోపలి /వార్/లాగ్/పీవీఈప్రాక్సీ ఫోల్డర్ లేకపోతే వెబ్ సర్వీసు మళ్లీ లేవదు.

ఊపిరి తీసుకునేంత జాగా

మొదట బ్యాకప్ ఏదైనా ఇంకా నడుస్తోందేమో చూడండి. నడుస్తుంటే మీరు ఒక జీబీ ఖాళీ చేసేలోపు అది ఇంకో జీబీ నింపుతుంది.

పీఎస్ ఏయూఎక్స్ | గ్రెప్ వీజెడ్‌డంప్

వీజెడ్‌డంప్ అనేది ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ ప్రోగ్రాం. మనం కొట్టిన గ్రెప్ లైను కాకుండా ఇంకేదైనా కనబడితే వీజెడ్‌డంప్ --స్టాప్ కొట్టి ఆపండి. తర్వాత ఎవరికీ నష్టం లేని రెండు చోట్ల నుంచి జాగా తీయండి:

ఆప్ట్ క్లీన్
జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=200ఎం

మొదటిది డౌన్‌లోడ్ అయిన ప్యాకేజీ ఫైళ్లను తీసేస్తుంది, కావాలంటే మళ్లీ వస్తాయి. రెండోది పాత సిస్టమ్ లాగ్‌లను 200 ఎంబీకి తగ్గిస్తుంది, అందులో 200 పక్కన ఎం క్యాపిటల్. జర్నల్ మామూలుగా డిస్కులో పదో వంతు వరకు పెరగవచ్చు, కానీ గరిష్ఠంగా 4 జీబీ దగ్గర ఆగుతుంది. కాబట్టి ఇక్కడ ఒకటి, రెండు, మహా అయితే మూడు జీబీలు దొరుకుతాయి. ప్రస్తుతానికి అంతే చాలు.

ఇవి కూడా సరిపోకపోతే /వార్/లిబ్/వీజెడ్/టెంప్లేట్/ఐఎస్‌ఓ లో చూడండి. ఎప్పుడో వేసిన విండోస్ ఐఎస్‌ఓ ఒక్కటే ఐదారు జీబీ ఉంటుంది. కానీ ఆ ఐఎస్‌ఓ ఏ వీఎం సీడీ డ్రైవ్‌లోనైనా ఇంకా తగిలించి ఉంటే, దాన్ని తీసేశాక ఆ వీఎం తర్వాతిసారి స్టార్ట్ కాదు. అందుకని ముందు ఇది కొట్టండి:

గ్రెప్ ఐఎస్‌ఓ /ఈటీసీ/పీవీఈ/క్యూఈఎంయూ-సర్వర్/*.కాన్ఫ్

అందులో పేరు లేని ఐఎస్‌ఓలను మాత్రమే తీసేయండి.

జాగా దొరికినా వెబ్ లాగిన్ వెంటనే పని చేయకపోవచ్చు. ఇక్కడే చాలామంది ఇంకా తుడుస్తూ పోతారు. కారణం ఏమిటంటే, /ఈటీసీ/పీవీఈ ని నడిపే పీఎంఎక్స్‌సీఎఫ్‌ఎస్‌కు డేటాబేస్‌లో రాయబోయి ఒకసారి దెబ్బ తగిలితే, ఇక అప్పటి నుంచి ఏ రాతనూ ఒప్పుకోదు. జాగా వచ్చిందని దానంతట అది తెలుసుకోదు. కాబట్టి దాన్ని రీస్టార్ట్ చేయాలి. అదీ జాగా వచ్చాకే, ముందు కాదు. చేసే ముందు /వార్/లిబ్/పీవీఈ-క్లస్టర్ ఫోల్డర్ మొత్తాన్ని ఎస్‌సీపీతో మీ లాప్‌టాప్‌కు కాపీ చేసుకోండి. అర నిమిషం పని. తర్వాత:

సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ పీవీఈ-క్లస్టర్
సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ పీవీఈస్టాట్‌డీ పీవీఈడీమన్ పీవీఈప్రాక్సీ

నడుస్తున్న వీఎంలకు దీనివల్ల ఏమీ కాదు. మీది హై అవైలబిలిటీ పెట్టుకున్న క్లస్టర్ (ఒక సర్వర్ పడితే ఇంకోటి పని అందుకునే జట్టు) అయితే మాత్రం తొందరపడకండి. అక్కడ పీవీఈ-క్లస్టర్ ఎక్కువసేపు ఆగితే వాచ్‌డాగ్ అనే కాపలా ఏర్పాటు సర్వర్‌నే రీబూట్ చేస్తుంది. ముందు మిగతా నోడ్‌లు సరిగ్గా ఉన్నాయని చూసుకుని చేయండి.

ఇంతవరకు చేస్తే ఆఫీసు తెరిచే వేళకు లాగిన్ వస్తుంది, టెన్షన్ తగ్గుతుంది. అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. కారణం దొరకకుండా ఇక్కడితో ఆపేస్తే ఈ రాత్రి ఒంటిగంటకు బ్యాకప్ జాబ్ లేచి మళ్లీ నింపుతుంది.

కొలత

డీఎఫ్ -హెచ్ /
డీఎఫ్ -ఐ /
డీయూ -ఎక్స్‌హెచ్ -డీ1 / | సార్ట్ -హెచ్

మూడూ కొట్టి మూడు జవాబులనూ కాగితం మీద రాసుకోండి. మొదటిది డిస్కు ఎంత నిండిందో చెబుతుంది. రెండోది ఐనోడ్‌ల (ఒక్కో ఫైలుకు ఒకటి పట్టే నమోదు) లెక్క. మూడోది ఏ ఫోల్డర్ ఎంత తింటోందో చెబుతుంది. అందులో ఎక్స్ అక్షరం మర్చిపోవద్దు. అది లేకపోతే డీయూ పక్క డిస్కుల్లోకి, నెట్‌వర్క్ షేర్లలోకి కూడా దూరి లెక్కంతా కలిపేస్తుంది, గంటసేపు తిరిగి రాదు.

నా పద్ధతిలో అసలు కీలకం డీఎఫ్ చెప్పిన అంకెకూ, డీయూ చెప్పిన మొత్తానికీ తేడా. రెండూ దగ్గరగా ఉంటే దొంగ కళ్ల ముందే ఉన్నాడు: పెద్ద ఫోల్డర్‌లోకి దిగుతూ, మళ్లీ డీయూ కొడుతూ పోతే దొరుకుతాడు. తేడా పెద్దగా ఉంటే డీయూకి కనబడని చోట ఏదో ఉంది. అలా కనబడని చోట్లు ముఖ్యంగా రెండు: మౌంట్ (డిస్కును ఒక ఫోల్డర్‌కు తగిలించడం) కింద దాక్కున్న ఫైళ్లు, డిలీట్ చేసినా ఇంకా ఎవరో తెరిచి పట్టుకున్న ఫైళ్లు.

హిమాయత్‌నగర్ ఆఫీసులో డీఎఫ్ 94 జీబీ అంది. డీయూ మొత్తం 9 జీబీ అంది. మిగతా 85 ఎక్కడ?

కారణం: బ్యాకప్ డిస్కు మౌంట్ కాలేదు

నేను చూసిన నిండిన రూట్‌లలో ఎక్కువ భాగం ఇదే. అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఆ ఆఫీసులో బ్యాకప్ కోసం సికింద్రాబాద్ సీటీసీలో కొన్న ఒక యూఎస్‌బీ డిస్కు ఉంది. అది /ఎంఎన్‌టీ/బ్యాకప్ లో మౌంట్ అవుతుంది. ఎఫ్‌స్టాబ్‌లో (ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఫైలు) దానికి నోఫెయిల్ పెట్టారు, అంటే డిస్కు దొరకకపోయినా సర్వర్ బూట్ అయిపోవాలని. అది మంచి ఏర్పాటే. ఒక సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది, యూపీఎస్ చాలలేదు, సర్వర్ ఆగి లేచింది. ర్యాక్ వెనక ఆ కేబుల్ వదులై ఉంది, డిస్కు రాలేదు. నోఫెయిల్ ఉంది కాబట్టి బూట్ ఆగలేదు, ఎవరికీ తెలియలేదు.

డిస్కు మౌంట్ కానప్పుడు /ఎంఎన్‌టీ/బ్యాకప్ ఏమవుతుంది? రూట్ మీద ఉన్న ఒక మామూలు ఖాళీ ఫోల్డర్. ప్రాక్స్‌మాక్స్‌కు మనం డైరెక్టరీ స్టోరేజ్ అని చెప్పాం, డైరెక్టరీ ఉంది, రాసేసింది. ఎనిమిది రాత్రులు రాసింది. పొద్దున్నే వచ్చే మెయిల్‌లో బ్యాకప్ సక్సెస్‌ఫుల్ అనే ఉంది, అందులో అబద్ధం కూడా లేదు. బ్యాకప్ నిజంగానే పూర్తయింది, వెళ్లాల్సిన డిస్కు మీదకు వెళ్లలేదంతే.

ఇంకో సంగతి. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌లో మామూలుగా 5 శాతం జాగా రూట్ యూజర్ (సర్వర్ మీద అన్ని అధికారాలూ ఉన్న యూజర్) కోసం పక్కన పెట్టి ఉంటుంది, మిగతా ప్రోగ్రాములు డిస్కు నింపినా రూట్ యూజర్‌కు కదలడానికి చోటుండాలని. కానీ వీజెడ్‌డంప్ నడిచేది రూట్ యూజర్‌గానే. అది ఆ పక్కన పెట్టిన జాగాను కూడా తినేస్తుంది, అందుకే లైనులో 94కి 94 కనబడింది. వెబ్ పేజీ నడిపే ప్రాక్సీ వేరే మామూలు యూజర్ పేరు మీద నడుస్తుంది కాబట్టి ముందుగా పడిపోయేది అదే. అందుకే లైనులో 94కి 94 కనబడింది.

ఆ పొద్దున నాకు ఫోన్ చేసే ముందు తమ్ముడు కేబుల్ వదులుగా ఉండటం చూసి గట్టిగా తోసి, మౌంట్ -ఏ కొట్టాడు. డిస్కు వచ్చింది, అంతా బాగుందనుకున్నాడు. అతని తప్పేమీ లేదు. కానీ డిస్కు వచ్చి ఆ ఫోల్డర్ మీద కూర్చోగానే, కింద పడి ఉన్న ఎనిమిది రాత్రుల ఫైళ్లు కనబడకుండా పోయాయి. చాప కింద పరిచిన నోట్ల లాగా అవి అక్కడే ఉన్నాయి. డీయూ చాప పైన మాత్రమే చూస్తుంది.

చాప ఎత్తి చూడటానికి డిస్కును తీయనక్కర్లేదు. రూట్‌ను ఇంకో చోట బైండ్ మౌంట్ చేస్తే దాని మీద వేరే డిస్కులేవీ ఉండవు:

ఎంకేడీఐఆర్ /రన్/రూట్‌చూపు
మౌంట్ --బైండ్ / /రన్/రూట్‌చూపు
డీయూ -ఎస్‌హెచ్ /రన్/రూట్‌చూపు/ఎంఎన్‌టీ/*

/రన్ అనేది ర్యామ్‌లో ఉంటుంది, కాబట్టి రూట్ నిండినా అక్కడ ఫోల్డర్ తయారవుతుంది. రూట్‌చూపు బదులు ఇంగ్లిష్‌లో మీకు నచ్చిన పేరు పెట్టుకోండి. ఫోన్లో తమ్ముడు "85 జీ" అని చదివాడు.

ఇప్పుడు చేతులు దురద పెడతాయి, ఆగాలి. ఆ ఎనిమిది రాత్రుల్లో ఆఫీసుకు ఉన్న బ్యాకప్పులు అవే, అసలు డిస్కు మీద ఉన్నవి తొమ్మిది రోజుల పాతవి. ఆఖరి రాత్రి ఫైళ్లను ముందు అసలు డిస్కుకు ఆర్‌సింక్‌తో కాపీ చేయించాను. ఒక్కో ఫైలునూ జెడ్‌ఎస్‌టీడీ -టీ తో పరీక్షించాం. అన్నీ బాగున్నాయని తేలాకే /రన్/రూట్‌చూపు/ఎంఎన్‌టీ/బ్యాకప్/డంప్ లో ఉన్నవాటిని, పేర్లు ఒక్కొక్కటిగా చూస్తూ తీసేశాం.

పని కాగానే బైండ్ మౌంట్‌ను తప్పకుండా తీసేయండి:

యూమౌంట్ /రన్/రూట్‌చూపు
ఆర్‌ఎండీఐఆర్ /రన్/రూట్‌చూపు

ఇక్కడ ఆర్‌ఎం -ఆర్‌ఎఫ్ ఎప్పుడూ కొట్టకండి. యూమౌంట్ చేయడం మర్చిపోయి అది కొడితే మీరు తుడిచేది ఆ ఫోల్డర్‌ను కాదు, సర్వర్‌నే కావచ్చు. ఆర్‌ఎండీఐఆర్ అయితే ఖాళీ ఫోల్డర్‌ను మాత్రమే తీస్తుంది, లేదంటే ఊరుకుంటుంది. అందుకే అది.

ఇది మళ్లీ జరగకుండా రెండు తాళాలు వేయాలి. మొదటిది ప్రాక్స్‌మాక్స్‌కు:

పీవీఈఎస్‌ఎం సెట్ యూఎస్‌బీబ్యాకప్ --ఈజ్_మౌంట్‌పాయింట్ యెస్

యూఎస్‌బీబ్యాకప్ అన్న చోట మీ స్టోరేజ్ పేరు రాయండి. ఇక ఆ ఫోల్డర్ మీద నిజంగా డిస్కు మౌంట్ అయి ఉంటేనే రాస్తుంది. రెండోది ఫోల్డర్‌కు. డిస్కును ఒకసారి యూమౌంట్ చేసి, ఖాళీ ఫోల్డర్‌కు ఇది కొట్టి, మళ్లీ మౌంట్ చేయండి:

చాట్ర్ +ఐ /ఎంఎన్‌టీ/బ్యాకప్

సీహెచ్ఏటీటీఆర్ అని దాని స్పెల్లింగ్. దీంతో డిస్కు లేనప్పుడు ఆ ఫోల్డర్‌లో రూట్ యూజర్ కూడా ఒక్క ఫైలు పెట్టలేడు. డిస్కు మౌంట్ కావడానికి మాత్రం అడ్డు రాదు. స్క్రిప్టులతో ఆర్‌సింక్ చేసేవాళ్లకు ఈ రెండో తాళం మరీ అవసరం, ఎందుకంటే స్క్రిప్టు ప్రాక్స్‌మాక్స్ సెట్టింగ్ చూడదు. పనిలో పనిగా ఎఫ్‌స్టాబ్‌లో ఎస్‌డీబీ1 లాంటి పేరుంటే మార్చి యూయూఐడీ (డిస్కుకు ఉండే మారని గుర్తింపు నంబరు) పెట్టండి. రీబూట్ తర్వాత ఎస్‌డీబీ కాస్తా ఎస్‌డీసీ అయిపోవడం మామూలే.

ఎన్‌ఎఫ్‌ఎస్ అనే నెట్‌వర్క్ షేరును వెబ్ పేజీ నుంచే ఎన్‌ఎఫ్‌ఎస్ స్టోరేజ్‌గా కలిపినవాళ్లకు ఈ బెడద తక్కువ. అక్కడ మౌంట్ అయిందో లేదో ప్రాక్స్‌మాక్స్ తానే చూసుకుంటుంది.

మిగతా కారణాలు

బ్యాకప్పులు లోకల్‌లోనే పడుతుంటే. డీయూ మిమ్మల్ని /వార్/లిబ్/వీజెడ్/డంప్ కు తీసుకెళ్తుంది. ఎన్ని కాపీలు ఉంచాలో చెప్పకపోతే అవి పేరుకుంటూనే ఉంటాయి. జాబ్‌లోని రిటెన్షన్ ట్యాబ్‌లో కీప్ లాస్ట్ 3 లాంటిది పెట్టండి. పాత కాపీని తీసేది కొత్తది పూర్తయ్యాకే, కాబట్టి మూడు ఉంచాలంటే నాలుగింటికి జాగా ఉండాలి. ఈ లెక్క మరచి సరిగ్గా మూడింటికే జాగా చూసుకున్నవాళ్లు ప్రతి నెలా ఇబ్బంది పడతారు. అదే ఫోల్డర్‌లో డాట్ డీఏటీ అని ముగిసే పెద్ద ఫైళ్లు కనబడితే, అవి బ్యాకప్ మధ్యలో కరెంటు పోయి సగంలో ఆగినవి. ఇప్పుడు బ్యాకప్ ఏదీ నడవడం లేదని రూఢి చేసుకుని తీసేయవచ్చు, అవి రీస్టోర్‌కు పనికిరావు. అయినా నా అభిప్రాయం ఒకటే: అదే డిస్కు మీద పెట్టిన బ్యాకప్‌ను బ్యాకప్‌గా లెక్క వేయకండి. డిస్కు పోయిన రోజు రెండూ కలిసే పోతాయి.

డిలీట్ చేసినా జాగా రాకపోతే. లినక్స్‌లో ఒక ఫైలును ఏదైనా ప్రోగ్రాం తెరిచి పట్టుకుని ఉంటే, మీరు డిలీట్ కొట్టినా పేరు మాత్రమే పోతుంది, జాగా తిరిగి రాదు. ఇలా వెతకండి:

ఎల్‌ఎస్‌ఓఎఫ్ +ఎల్1

ఇక్కడ ప్లస్ పక్కనున్న ఎల్ క్యాపిటల్. ఎల్‌ఎస్‌ఓఎఫ్ లేకపోతే దీంతో పని జరుగుతుంది:

ఫైండ్ /ప్రోక్/*/ఎఫ్‌డీ -ఎల్‌ఎస్ | గ్రెప్ డిలీటెడ్

అది లాగ్ ఫైలు అయితే ఆ సర్వీసును రీస్టార్ట్ చేస్తే జాగా వచ్చేస్తుంది. కానీ ఆ లైనులో క్యూకౌ2 అనో, వీఎం-100-డిస్క్ అనో కనబడితే చేతులు వెనక్కి తీసుకోండి. ఎవరో నడుస్తున్న వీఎం డిస్కునే డిలీట్ చేశారన్నమాట. ఆ వీఎం నడుస్తున్నంతసేపే ఆ డిస్కు బతికి ఉంటుంది, వీఎం ఆపిన క్షణం పోతుంది. దాన్ని ఆపకుండా క్యూఎం సస్పెండ్‌తో పాజ్ చేసి, /ప్రోక్ లోపల ఆ ప్రోగ్రాం నంబరు కింద ఎఫ్‌డీలో కనబడే ఆ ఫైలును ఇంకో డిస్కు మీదకు సీపీతో కాపీ చేసుకోండి. కాపీ పూర్తయ్యేదాకా ఎవరినీ ఆ సర్వర్ దగ్గరకు రానివ్వకండి.

డీఎఫ్‌లో జాగా ఉన్నా నో స్పేస్ అంటుంటే. డీఎఫ్ -ఐ జవాబు చూడండి. ఐనోడ్‌లు వంద శాతం అయితే చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో ఉన్నాయన్నమాట. డీయూ --ఐనోడ్స్ -ఎక్స్ -డీ1 / తో వెతకండి. బయటకు పోలేని మెయిళ్లు /వార్/స్పూల్/పోస్ట్‌ఫిక్స్ లో గుట్టపడటం ఒక కారణం.

పాత కెర్నళ్లు. ఏళ్ల తరబడి అప్‌డేట్ చేసిన సర్వర్‌లో ఇవి కొన్ని జీబీలు అవుతాయి. ఆప్ట్ ఆటోరిమూవ్ సరిపోతుంది. యెస్ కొట్టే ముందు తీసేయబోయే పేర్ల జాబితా చదవండి. అందులో ప్రాక్స్‌మాక్స్-వీఈ అని కనబడితే వెంటనే నో కొట్టండి.

కంటెయినర్ల బ్యాకప్. ఎల్‌ఎక్స్‌సీ కంటెయినర్‌ను (వీఎం లాంటిదే, కానీ తేలికైనది) సస్పెండ్ మోడ్‌లో బ్యాకప్ తీస్తే ముందు దాని ఫైళ్లన్నీ తాత్కాలిక ఫోల్డర్‌లోకి కాపీ అవుతాయి. బ్యాకప్ నెట్‌వర్క్ షేరుకు వెళ్తుంటే సాధారణంగా అది /వార్/టీఎంపీ లో, అంటే రూట్ మీదే. రాత్రి నిండి పొద్దుటికి ఖాళీగా కనబడే రూట్‌కు ఇదే కారణం కావచ్చు. /ఈటీసీ/వీజెడ్‌డంప్.కాన్ఫ్ లో టీఎంపీడీఐఆర్ దగ్గర పెద్ద డిస్కు దారి రాయండి.

రూట్‌ను జెడ్‌ఎఫ్‌ఎస్ (ఇంకో రకం ఫైల్‌సిస్టమ్) మీద వేసుకున్నవాళ్లకు ఈ లెక్కలన్నీ మారతాయి. అక్కడ రూట్, వీఎంలు ఒకే పూల్ జాగాను పంచుకుంటాయి. పూల్ నిండితే వీఎంలు కూడా ఆగుతాయి. ఫైలు తీసేసినా స్నాప్‌షాట్ (ఒక క్షణంలో ఉన్న స్థితి నకలు) పట్టుకుని ఉంటే జాగా రాదు. జెడ్‌ఎఫ్‌ఎస్ లిస్ట్ -ఓ స్పేస్ కొడితే స్నాప్‌షాట్‌లు ఎంత పట్టుకున్నాయో విడిగా చూపిస్తుంది. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

రూట్‌ను పెంచాలా?

అమీర్‌పేట్‌లో కోర్సు చేసి కొత్తగా వచ్చిన పిల్లలు చాలామంది మొదట అడిగేది ఇదే, పెంచేద్దామా అని. కారణం దొరకకుండా పెంచితే చిల్లు కుండకు పెద్ద మూత పెట్టినట్టే. కానీ నిజంగానే రూట్ చిన్నదై, అందులో ఉన్నవన్నీ అవసరమైనవే అయితే పెంచడం సరైన పనే.

వీజీఎస్ కొట్టి వీఫ్రీ అనే గడి చూడండి. డిస్కు 128 జీబీకి మించితే ఇన్‌స్టాలర్ మామూలుగా 16 జీబీ వాడకుండా వదిలి ఉంచుతుంది. అది అలాగే ఉంటే:

ఎల్‌వీఎక్స్‌టెండ్ -ఆర్ -ఎల్ +10జీ పీవీఈ/రూట్

-ఆర్ పక్కనున్న ఎల్ క్యాపిటల్, జీ కూడా క్యాపిటల్. -ఆర్ ఉండటం వల్ల ఫైల్‌సిస్టమ్ కూడా దాంతోపాటే పెరుగుతుంది. సర్వర్ నడుస్తుండగానే చేయవచ్చు, వీఎంలు ఆపనక్కర్లేదు. ఆ 16 జీబీలో మొత్తం వాడేయకండి, ఐదారు జీబీ మిగల్చండి. థిన్ పూల్ మెటాడేటా నిండినప్పుడు దాన్ని పెంచడానికి ఆ జాగాయే ఆదుకుంటుంది.

వీఫ్రీ సున్నా అయితే, డేటా పూల్‌ను కుదించి రూట్‌కు ఇద్దామనే ఆలోచన వస్తుంది. థిన్ పూల్ కుదించడానికి వీలుకాదు. దాన్ని తీసేసి మళ్లీ తయారు చేయడమంటే అందులోని వీఎంలన్నీ పోవడం. ఆ దారి వద్దు. ఇంకో ఎస్‌ఎస్‌డీ కొని, ఐఎస్‌ఓలు, టెంప్లేట్‌లు, బ్యాకప్పులు అన్నీ దాని మీదకు మార్చండి, రూట్ దానంతట అదే తేలికవుతుంది.

ఆ పూల్ గురించి ఒక్క మాట. డీఎఫ్‌లో థిన్ పూల్ కనబడదు. రూట్ పది శాతమే ఉన్నా పూల్ నిండి వీఎంలు చెడిపోవచ్చు, రూట్ నిండటం కంటే అది ఎంతో ప్రమాదం. ఎల్‌వీఎస్ కొట్టి డేటా శాతం, మెటా శాతం రెండూ చూడండి. ఎనభై దాటితే ఆ వారంలోనే ఏదో ఒకటి చేయండి.

ముందే తెలియాలంటే

గంటకోసారి నడిచే ఒక చిన్న క్రాన్ స్క్రిప్టు చాలు. డీఎఫ్ --అవుట్‌పుట్=పీసెంట్ / ఇచ్చే అంకె ఎనభై దాటితే మెయిల్ పంపాలి. దానికే ఎల్‌వీఎస్ అంకెలను, మౌంట్‌పాయింట్ -క్యూ /ఎంఎన్‌టీ/బ్యాకప్ పరీక్షను కలపండి. మెయిల్ ఎవరూ చూడని అడ్మిన్ ఐడీకి కాకుండా, పొద్దున్నే ఫోన్ చూసే మనిషికి వెళ్లాలి.

ఆ ఆఫీసులో ఆ రోజు తొమ్మిదింపావుకు అంతా మామూలుగా నడిచింది, ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు. సెప్టెంబరులో ఇంకో వానకు మళ్లీ కరెంటు పోయింది, ఆ డిస్కు మళ్లీ రాలేదు. ఈసారి రాత్రి ఒంటిగంటకు బ్యాకప్ జాబ్ ఆగిపోయి ఫెయిల్డ్ అని మెయిల్ పంపింది: డైరెక్టరీ మౌంట్ పాయింట్ అయి ఉండాలి, కానీ మౌంట్ కాలేదు. తమ్ముడు పొద్దున్నే వెళ్లి ర్యాక్ వెనక కేబుల్ మార్చి, మౌంట్ చేసి, జాబ్‌ను చేత్తో నడిపాడు. తర్వాత నాకు డీఎఫ్ లైను ఒక్కటే మెసేజ్ పెట్టాడు. రూట్ 10 శాతం.